ఓవర్‌డ్రైవా, డిస్టార్షనా? గిటార్ పెడల్ కొనేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, కావలి, ఒంగోలు చుట్టుపక్కల చర్చి బృందాల్లోనో ఆర్కెస్ట్రాల్లోనో గిటార్ వాయించే కుర్రాళ్లు పెడల్స్ గురించి, అంటే గిటార్‌కీ యాంప్‌కీ మధ్య పెట్టి కాలితో నొక్కి సౌండు మార్చే డబ్బాల గురించి, నన్నడిగే సందేహాలు పాతికకు మించవు. అవే తిరిగి తిరిగి వస్తుంటాయి. ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పలేక, వాళ్లడిగిన మాటల్లోనే ఇక్కడ రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

ఒక్క సంగతి ముందే చెప్పాలి. యూట్యూబ్‌లో పెడల్స్ గురించి చెప్పేవాళ్లలో చాలామంది పక్కన మంచి ట్యూబ్ యాంప్ (గాజు వాల్వులతో నడిచే యాంప్లిఫయర్) ఉంటుంది. మన పక్కన ఉండేది పది వాట్ల ప్రాక్టీస్ యాంపో, సప్లయర్స్ వాళ్ల మిక్సరో. వైరు అవతలి కొస ఎక్కడికి పోతుందో చూడకుండా పెడల్ పేరు చెప్పేవాళ్ల మాట నేను నమ్మను.

## కొనాలా వద్దా అనుకునేటప్పుడు

ఓవర్‌డ్రైవ్‌కీ డిస్టార్షన్‌కీ తేడా ఏందన్నా? రెండూ గరగరే కదా?

శ్రీరామనవమి పందిట్లో గొట్టం మైకు సౌండు మరీ పెంచితే పాట బొంగురుపోతుంది కదా, రెండిటికీ మూలం అదే. సర్క్యూట్ మోయగలిగిన ఎత్తు దాటి సిగ్నల్ పెరిగితే అలల తలలు తెగిపోతాయి. దీన్నే క్లిప్పింగ్ అంటారు. తలలు మెల్లగా గుండ్రంగా అణిగితే ఓవర్‌డ్రైవ్. కొడవలితో కోసినట్టు చదునుగా తెగితే డిస్టార్షన్.

చేతికి తెలిసే తేడా ఇంకోటుంది. ఓవర్‌డ్రైవ్‌లో మెత్తగా మీటితే స్వరం శుభ్రంగా, గట్టిగా మీటితే గరుకుగా పలుకుతుంది. డిస్టార్షన్‌లో ఎట్టా మీటినా దాదాపు అంతే గరుకు, కానీ స్వరం చాలాసేపు నిలుస్తుంది. లోపల చూస్తే తేడా చిన్నదే: ట్యూబ్ స్క్రీమర్ లాంటి ఓవర్‌డ్రైవ్‌లో తలలు కోసే డయోడ్లు చిప్ ఫీడ్‌బ్యాక్ దారిలో (ఔట్‌పుట్‌ని మళ్లీ ఇన్‌పుట్‌కి తెచ్చే దారి) ఉంటాయి, బాస్ (Boss) కంపెనీ డీఎస్-1 లాంటి డిస్టార్షన్‌లో చిప్ దాటాక గ్రౌండ్‌కి కట్టి ఉంటాయి.

ఫజ్ అని ఇంకోటి ఉందంట?

ఉంది. అల దాదాపు చతురస్రం అయ్యేదాకా తలలు కోసేస్తుంది. 1962లో వచ్చిన మాస్ట్రో ఫజ్-టోన్‌తో ఈ పెడల్స్ కథ మొదలైంది; గిటార్ బాకాల్లా మోగుతుందని చెప్పి దాన్ని అమ్మారు. మొదటి పెడల్‌గా మాత్రం వద్దు.

యాంప్‌లోనే గెయిన్ నాబ్ (గరుకు పెంచేది) ఉంది కదా, మళ్లీ పెడల్ ఎందుకు?

ఇంట్లో వాయించుకోవడానికైతే అక్కర్లేదు. ముందు ఆ నాబ్‌తోనే ఆర్నెల్లు వాయించండి. మీకు ఎంత గరుకు నచ్చుతుందో, ఎక్కడ చిరాకు పుడుతుందో అప్పటికి తెలుస్తుంది. పాట మధ్యలో కాలితో నొక్కి మారాల్సిన అవసరం వచ్చినప్పుడు, ఊరూరా వేరే వేరే సౌండు సిస్టమ్‌ల మీద వాయించాల్సి వచ్చినప్పుడు పెడల్ పనికొస్తుంది.

నా దగ్గర పికప్ ఉన్న ఎకౌస్టిక్ ఉంది. దానికి డిస్టార్షన్ పెట్టొచ్చా?

పెట్టినా ఏదీ పాడవదు. కానీ వినలేరు. ఎకౌస్టిక్‌లో ఉండే పీజో పికప్ (తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే భాగం) కింద నుంచి పైదాకా అన్ని ఫ్రీక్వెన్సీలూ ఇస్తుంది, వాటిని క్లిప్ చేస్తే గాజుపెంకులు రుద్దినట్టు ఉంటుంది. పైగా బోలు పెట్టె స్పీకర్ సౌండుకి తానూ కదిలి కూత పెడుతుంది. ఆ డబ్బుకు ఇంకొంత కలిపి చౌకదైనా ఎలక్ట్రిక్ గిటార్ కొనండి.

నాకు యాంప్ లేదు. గిటార్ నేరుగా చర్చి మిక్సర్‌కే. ఏ డిస్టార్షన్ కొనాలి?

అందరికంటే ఎక్కువమంది అడిగేది ఇదే, అందరూ తప్పు చేసేదీ ఇక్కడే. నాతో సహా. నా మొదటి పెడల్ బాగా గెయిన్ ఉన్న డిస్టార్షన్. కావలిలో ఒక పెళ్లి రిసెప్షన్‌లో దాన్ని నేరుగా మిక్సర్‌కి పెట్టి నొక్కాను. రెండో చరణానికే ఆపరేటర్ నా చానెల్ మూసేశాడు. ఆ సంగతి తెలీక పాట అయిపోయేదాకా తల ఊపుతూ వాయిస్తూనే ఉన్నాను.

తప్పు ఆయనది కాదు. గిటార్ యాంప్‌లో ఉండే స్పీకర్ సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటాక పలకడం మానేస్తుంది. డిస్టార్షన్‌లో పుట్టే కీచు, బుసబుస అంతా ఆ పైనే ఉంటుంది కాబట్టి యాంప్ దాన్ని మింగేసి మనకు కండ ఉన్న భాగాన్నే వినిపిస్తుంది. సౌండు సిస్టమ్ బాక్సులు పాటకోసం చేసినవి. ట్వీటర్ (కీచు శబ్దాలు పలికే చిన్న స్పీకర్) ఉంటుంది, 15 కిలోహెర్ట్జ్ దాకా నిజాయతీగా పలుకుతుంది. దాంతో అగ్గిపెట్టెలో తుమ్మెదను మూసిపెట్టినట్టు వినపడుతుంది. ఎంత ఖరీదు పెడల్ అయినా అంతే.

దీనికి దారి క్యాబ్ సిమ్యులేషన్, అంటే స్పీకర్ చేసే వడపోతను సర్క్యూట్‌తోనో సాఫ్ట్‌వేర్‌తోనో చేయడం. అది విడి పెడల్‌గానూ దొరుకుతుంది, జూమ్ జీ1 ఫోర్, బాస్ జీటీ-1 లాంటి మల్టీ ఎఫెక్ట్స్ (చాలా పెడల్స్ పని ఒక్కటే చేసే డబ్బా) లోపలే ఉంటుంది. ఎప్పటికీ మిక్సర్‌కే వాయించేవాళ్లకు నా సలహా మల్టీ ఎఫెక్ట్సే. విడి పెడల్స్ అంటే నాకు ప్రాణం, అయినా ఇదే చెబుతాను. ఇప్పటికే విడి పెడల్ కొనేసి ఉంటే గెయిన్ పావు వంతుకు దించండి, టోన్ తగ్గించండి, ఆపరేటర్‌ని బతిమాలి మీ చానెల్‌లో ట్రెబుల్ బాగా తీయించండి. ఓవర్‌డ్రైవ్ ఇట్టా గట్టెక్కుతుంది. గట్టి డిస్టార్షన్ గట్టెక్కదు.

## ఏది కొనాలో తేల్చుకునేటప్పుడు

ఒక్కటే కొనగలను. పేరు చెప్పన్నా.

చిన్న ట్రాన్సిస్టర్ యాంప్ ఉండి, సినిమా పాటలూ ఆరాధన పాటలూ కలిపి వాయించేవాళ్లకు బాస్ ఎస్‌డీ-1 చెబుతాను. 1981 నుంచి వస్తోంది, కాలితో తొక్కినా ఏమీ కాదు, అమ్మినా డబ్బులొస్తాయి. కాస్త పదునుగా, గిటార్ అసలు గొంతు తెలిసేలా కావాలంటే అదే కంపెనీ బ్లూస్ డ్రైవర్. గట్టి రాక్ అయితే డీఎస్-1 కంటే నాకు ప్రోకో ర్యాట్ ఇష్టం. గెయిన్ తక్కువ పెడితే ఓవర్‌డ్రైవ్‌లా, పెంచితే దాదాపు ఫజ్‌లా పోతుంది, ఒక్కదాంట్లో మూడు పనులు. ర్యాట్‌లో ఫిల్టర్ నాబ్ తలకిందులు: కుడికి తిప్పేకొద్దీ సౌండు మొద్దుబారుతుంది. తెలీక పాడైందనుకుని తిరిగి పంపినవాళ్లున్నారు.

ట్యూబ్ స్క్రీమర్ కొంటే చాలు అంటారు. నా పది వాట్ల యాంప్‌లో ఏమీ అనిపించలేదే?

ఇబానెజ్ ట్యూబ్ స్క్రీమర్ టీఎస్808 డెబ్బయ్యో దశకం చివర్లో వచ్చింది, టీఎస్9 1982లో. అది చేసే పని రెండు ముక్కల్లో: కింది బేస్ కోసి, సుమారు 720 హెర్ట్జ్ చుట్టూ మిడ్స్ (బేస్‌కీ ట్రెబుల్‌కీ మధ్య భాగం) ఉబ్బిస్తుంది, సిగ్నల్ బలం పెంచుతుంది. దాన్ని లోకానికి పరిచయం చేసినవాళ్లలో స్టీవీ రే వాన్ ఒకడు. ఆయన వాడింది బాగా సౌండు పెంచిన ట్యూబ్ యాంప్‌ల ముందు. పెడల్ తోస్తే ట్యూబులు తిరగబడి అసలు రుచి యాంప్‌లోంచి వచ్చేది.

ట్రాన్సిస్టర్ యాంప్‌ని తోస్తే ఆ తిరుగుబాటు రాదు. సౌండు పెరుగుతుంది, మరీ తోస్తే ముక్కలు ముక్కలుగా విరుగుతుంది. అందుకని డ్రైవ్ (గరుకు నాబ్) సున్నా, లెవెల్ (సౌండు నాబ్) ఫుల్ అనే యూట్యూబ్ సెట్టింగ్ మనకు కుదరదు. మీ యాంప్‌ని క్లీన్‌లో ఉంచి, పెడల్ డ్రైవ్‌ని సగం దాటించి, లెవెల్‌ని పెడల్ ఆపినా వేసినా సౌండు సమానంగా ఉండే చోట పెట్టి చూడండి. యాంప్‌లోనే డిస్టార్షన్ చానెల్ ఉంటే మాత్రం దాని ముందు ఈ పెడల్ బాగా పనిచేస్తుంది, బురద తగ్గి స్వరాలు విడివిడిగా తెలుస్తాయి.

మెటల్ వాయిస్తా. గెయిన్ ఎంత ఎక్కువుంటే అంత మంచిదా?

కాదు. రికార్డుల్లో అంత బరువు వినపడేది గెయిన్ వల్ల కాదు, ఒకే భాగాన్ని రెండు మూడుసార్లు విడివిడిగా వాయించి ఒకదాని మీద ఒకటి పేర్చడం వల్ల. ఒక్క గిటార్‌తో అది రాదు. గెయిన్ మరీ ఎక్కువైతే మీటు దెబ్బ కరిగిపోయి అంతా ముద్దవుతుంది. 1991లో వచ్చిన బాస్ మెటల్ జోన్‌ని తిట్టనివాడు లేడు కానీ, అందులో మిడ్స్ కోసం రెండు నాబ్‌లున్నాయి. ఆ మిడ్స్‌ని సున్నా చేసేసి తిట్టేవాళ్లే ఎక్కువ.

రెండు మూడు వేలవి పనికొస్తాయా, డబ్బులు తగలేసినట్టేనా?

పనికొస్తాయి. ఓవర్‌డ్రైవ్ సర్క్యూట్ అంటే ఒక చిప్పు, నాలుగు డయోడ్లు, కొన్ని కెపాసిటర్లు. బెరింజర్, జోయో, డోనర్ లాంటివి పేరున్న సర్క్యూట్‌లకు దగ్గరగానే చేస్తాయి, కళ్లు మూసుకుని వింటే నేనే పొరబడ్డాను. తేడా వచ్చేది స్విచ్చు, జాక్‌లు, డబ్బా దగ్గర. ప్లాస్టిక్ డబ్బా ఇంట్లో పదేళ్లుంటుంది, బూటు కాలితో తొక్కితే పదిరోజులు. నెలకు నాలుగు ప్రోగ్రాములు చేసేవాళ్లు లోహపు డబ్బా ఉన్నదే తీసుకోండి.

ట్రూ బైపాస్ లేకపోతే సౌండు పాడవుద్దంట?

ఆ భయం పెట్టింది అమ్మేవాళ్లే. ట్రూ బైపాస్ అంటే పెడల్ ఆపినప్పుడు సిగ్నల్ సర్క్యూట్‌ని తాకకుండా దాటిపోవడం. బాస్ పెడల్స్‌లో అట్టా కాదు, ఆపినా సిగ్నల్ బఫర్ (సిగ్నల్ బలహీనపడకుండా చూసే చిన్న సర్క్యూట్) గుండా పోతుంది. పొడుగు వైర్లలో ట్రెబుల్ పోకుండా ఆ బఫర్ కాపాడుతుంది. నేరుగా మిక్సర్‌కి పెట్టేవాళ్లకు ఇంకా మేలు: గిటార్ పికప్ సుమారు 10 లక్షల ఓముల ఇన్‌పుట్‌ని కోరుకుంటుంది, మిక్సర్ లైన్ ఇన్‌పుట్ పది ఇరవై వేల ఓములే ఉంటుంది. మధ్యలో బఫర్ లేకపోతే గిటార్ దుప్పటి కప్పుకుని పాడినట్టు ఉంటుంది.

ఇక్కడ విని కొనే షాపు లేదు. ఎట్టా?

చెన్నై దగ్గరే కదా. అన్నాసాలై మీద మ్యూసీ మ్యూజికల్ లాంటి పాత దుకాణాలున్నాయి. పొద్దున పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లి అదే రోజు తిరుగు పినాకినిలో రావాలనుకుంటే షాపు గుమ్మం చూసి రావడమే అవుతుంది, రాత్రి బండి చూసుకోండి. మీ గిటార్ మీరే మోసుకెళ్లండి. షాపులోని పెద్ద ట్యూబ్ యాంప్‌కి తగిలించి వినిపిస్తే మురిసిపోవద్దు, మూలనున్న చిన్న ట్రాన్సిస్టర్ యాంప్‌కి పెట్టమనండి. మీరు ఇంట్లో వినబోయేది అదే. ఆన్‌లైన్లో అయితే తిరిగిచ్చే గడువు చూసుకుని కొనండి, డబ్బా చింపేటప్పుడు వీడియో తీయండి.

సెకండ్ హ్యాండ్‌ది చూడ్డానికి పోతుండా. ఏం చూడాలి?

ప్రతి నాబ్‌నీ మొదటినుంచి చివరిదాకా తిప్పండి, గరగరమంటే దుమ్ము, మధ్యలో సౌండు మాయమైతే నాబ్ మార్చాలి. స్విచ్చు ఇరవైసార్లు నొక్కండి. జాక్‌లో వైరు కదిపితే సౌండు తెగిపోకూడదు. వెనక మూత తీయించి బ్యాటరీ కారిన తెల్ల మరక ఉందేమో చూడండి. అడాప్టర్‌తోనూ బ్యాటరీతోనూ రెండు రకాలుగా వేయండి.

## ఇంటికి తెచ్చాక

వైఫై రౌటర్ అడాప్టర్ పిన్ను సరిగ్గా పట్టింది. వాడనా?

ఆగండి! పిన్ను పట్టడమే ప్రమాదం. దాదాపు అన్ని ఓవర్‌డ్రైవ్, డిస్టార్షన్ పెడల్స్‌కి కావలసింది 9 వోల్టుల డీసీ, మధ్య పిన్ను మైనస్. రౌటర్ అడాప్టర్లు ఎక్కువగా 12 వోల్టులు, మధ్య పిన్ను ప్లస్. సైజు మాత్రం రెండిటిదీ ఒకటే. తిరగేసి పెడితే రక్షణ డయోడ్ ఉన్న పెడల్ బతకొచ్చు, లేనిది కమురు వాసన వేస్తుంది. కీబోర్డ్ అడాప్టర్లతోనూ ఇదే చిక్కు. అడాప్టర్ మీదా పెడల్ మీదా చిన్న వృత్తం, దానికి రెండు పక్కలా ప్లస్ మైనస్ గుర్తులుంటాయి, రెండూ కలిశాకే పెట్టండి. వోల్టులు అంతే ఉండి, కరెంటు (మిల్లీఆంపియర్లు) ఎక్కువ ఇచ్చే అడాప్టర్ వల్ల నష్టం లేదు; పెడల్ తనకు కావలసినంతే లాక్కుంటుంది.

నాబ్‌లు ఎక్కడ పెట్టాలి? ఒక సెట్టింగ్ చెప్పు చాలు.

లెవెల్, డ్రైవ్, టోన్ మూడూ పన్నెండు గంటల దగ్గర (నాబ్ గీత నిటారుగా పైకి) పెట్టి మొదలెట్టండి. ముందు లెవెల్: పెడల్ వేసినా ఆపినా ఒకే సౌండు రావాలి. తర్వాత డ్రైవ్: మీకు నచ్చినంత పెంచి, అక్కడినుంచి కొంచెం వెనక్కి తిప్పండి. చివర టోన్. ఇక అసలు నాబ్ గిటార్ మీదుంది. ఓవర్‌డ్రైవ్ వేసి గిటార్ వాల్యూమ్‌ని పదినుంచి ఆరుకి దించండి, చరణానికి శుభ్రమైన సౌండు వచ్చేస్తుంది. పల్లవికి మళ్లీ పది. కాలు కదలకుండానే.

మామూలు కార్డులు వాయిస్తే ముద్దముద్దగా వస్తోంది. పెడల్ పాడైందా?

పాడవలేదు. రెండు స్వరాలు కలిసి క్లిప్ అయితే, వాటి మొత్తం దగ్గరా తేడా దగ్గరా కొత్త ఫ్రీక్వెన్సీలు పుడతాయి. షడ్జం, పంచమం కలిస్తే పుట్టినవి కూడా ఆ రెండిటితో కలిసిపోతాయి, బలంగా ఉంటుంది. గాంధారం చేరిందో, గొడవ మొదలు. అందుకే డిస్టార్షన్‌లో పవర్ కార్డులు (షడ్జం, పంచమం మాత్రమే), రెండు మూడు తీగలే. నిండు కార్డులు కావాలంటే డ్రైవ్ బాగా దించిన ఓవర్‌డ్రైవ్.

రెండూ ఉన్నాయి. ఏది ముందు పెట్టాలి?

ఓవర్‌డ్రైవ్ ముందు, డిస్టార్షన్ తర్వాత పెడితే మొదటిది రెండోదాన్ని తోసి గరుకు పెంచి బేస్ బిగిస్తుంది, సౌండు పెద్దగా పెరగదు. తిరగేస్తే సోలోకి సౌండు లేస్తుంది. వా (పాదంతో ఊపితే గొంతు మారే పెడల్) ఉంటే వీటికి ముందు, డిలే, రివర్బ్ లాంటి ప్రతిధ్వని పెడల్స్ చివర. డిలే తర్వాత డిస్టార్షన్ పెడితే ప్రతిధ్వనులు కూడా నలిగి కలగూరగంప అవుతుంది.

## స్టేజీ మీద

ఇంట్లో అదిరిపోయింది, స్టేజీ మీద ఎవరికీ వినపడలేదంట. ఎందుకు?

ఇంట్లో ఒంటరిగా వాయించేటప్పుడు బేస్, ట్రెబుల్ పెంచి మిడ్స్ తీసేస్తే గంభీరంగా ఉంటుంది. స్టేజీ మీద ఆ కింద బేస్ గిటార్, డ్రమ్మూ కూర్చుని ఉంటాయి, పైన తాళాలు. మీకు మిగిలిన చోటు మధ్యలోనే, దాన్ని మీరే ఖాళీ చేసేశారు. పెళ్లిమేళంలో డోలు ఎంత మోగినా నాదస్వరం మైకు లేకుండానే వీధి చివరికి వినపడుతుంది, మన చెవి బాగా పట్టుకునే చోట దాని బలం ఉంది కాబట్టి. ఇంట్లో ముక్కుతో పాడినట్టు అనిపించే సెట్టింగే స్టేజీ మీద సరిపోతుంది.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. పాడేవాళ్ల గొంతు ఉండేదీ ఆ మధ్యలోనే. చరణం నడిచేటప్పుడు పెడల్ ఆపండి, సందుల్లో వేయండి. ఎస్పీ బాలుగారి ఊళ్లో పాటను మింగేసే గిటార్‌ని ఎవరూ క్షమించరు.

పెడల్ నొక్కగానే బుర్ర్‌మని హమ్ వస్తోంది.

హమ్‌ని పెడల్ పుట్టించదు, ఉన్నదాన్ని పెంచి చూపిస్తుంది. సింగిల్ కాయిల్ పికప్ (ఒకే తీగచుట్ట ఉన్నది) చుట్టూ ఉన్న 50 హెర్ట్జ్ కరెంటు గాలిని పీల్చుకుంటుంది. సీరియల్ సెట్లు, వాటి డిమ్మర్లు, జనరేటర్ నుంచి వచ్చే కేబుళ్ల నుంచి దూరం జరిగి, నిలబడ్డ దిక్కు కొంచెం మార్చి చూడండి, సగం పోతుంది. తీగల మీద చెయ్యి తీస్తే పెరిగి, పెడితే తగ్గుతుంటే సాధారణంగా షీల్డింగ్ సంగతి. చెయ్యి పెడితే జిల్లుమంటే మాత్రం వెంటనే వదిలేయండి, అక్కడ ఎర్త్ లేదు. హమ్ పోతుందని యాంప్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేసే అలవాటు పందిళ్లలో చూస్తుంటాను. ప్రాణం పోయే పని అది.

మైకు వైరే గిటార్‌కీ ఇచ్చారు. పెడల్‌కి ఏమన్నా అవుతుందా?

మిక్సర్‌లో ఫాంటమ్ పవర్ (కొన్ని మైకులకు వైరులోనే పంపే కరెంటు) వేసి ఉంటే ఆ వైరులో 48 వోల్టులు వస్తాయి. ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల మైకు కనెక్టర్) నుంచి జాక్‌కి మార్చే కట్టుడు వైరైతే అది పెడల్ ఔట్‌పుట్‌కి చేరొచ్చు. తగిలించే ముందు ఆపరేటర్ అన్నని ఫాంటమ్ ఆపమనండి, లేదా మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ని మైకు వైరుకి తగినట్టు మార్చే డబ్బా) పెట్టుకోండి. డీఐ ఉంటే స్టేజీ నుంచి మిక్సర్ దాకా పొడుగు వైరులో హమ్ కూడా తగ్గుతుంది.

## కొన్నాళ్లు వాడాక

ఏడాదికే నాబ్‌లు గరగరమంటున్నాయి. కంపెనీ సరుకు మంచిది కాదా?

మీది మైపాడు, కొత్తపట్నం వైపా? సముద్రం గాలి. ఉప్పు తేమ జాక్‌లనీ నాబ్‌లనీ తినేస్తుంది. ఎలక్ట్రానిక్ షాపుల్లో దొరికే కాంటాక్ట్ క్లీనర్ నాబ్ సందులో రెండు చుక్కలు కొట్టి, ఇరవై ముప్పైసార్లు అటూ ఇటూ తిప్పండి. కొబ్బరినూనె, పెట్రోల్ లాంటివి పోయొద్దు, పోసి తెచ్చినవి చూశాను. వాడనప్పుడు మూత బిగుతుగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి. కొత్త చెప్పుల డబ్బాలో వచ్చేవి చాలు.

బ్యాటరీ వారానికే అయిపోతోంది. నేను నొక్కింది రెండుసార్లే.

స్విచ్చుకి సంబంధం లేదు. ఇన్‌పుట్‌లో వైరు గుచ్చగానే బ్యాటరీ ఖర్చవడం మొదలవుతుంది, లైటు వెలగకపోయినా సరే. వాయించడం అయ్యాక పెడల్‌కి గిటార్ వైపు వైరు పీకేయండి.